అవ్వ అచ్చులో లేదు

చాంపియన్ రీఫ్స్, కె.జి.ఎఫ్.
9 జూన్ 2025

పూజ్యులైన సుబ్బరాయ సార్‌కు,
మీ పాత విద్యార్థిని జాయ్స్ నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెప్పేస్తాను. ఆగస్టు ఇరవయ్యో తేదీన పెయింటర్ పాండు మా లైను ఇళ్ల వరుసలో చివరి గదికి బోర్డు రాస్తాడు. మా తాత పేరు ఉండవలసిన చోట ఇంకొకరి పేరు రాయబోతున్నాడు. దాన్ని ఆపడానికి నాకు డెబ్బై రెండు రోజులు ఉన్నాయి.

ఫోన్ చేసేదాన్నే. కానీ ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది, కాగితం మీద పెట్టింది నిలబడుతుంది అని మీరు పదో తరగతిలో చెప్పారు. మీరు ఇప్పటికీ ఫోన్ ఎత్తరని కూడా విన్నాను.

గని నడిచే రోజుల్లో, పొద్దుటి షిఫ్టు ముగించి పైకి వచ్చినవాళ్లకు మధ్యాహ్నం పూట అక్షరాలు నేర్పే బడి ఒకటి ఆ గదిలో ఉండేది. అందరూ షిఫ్టు బడి అనేవారు. దాన్ని మొదలుపెట్టింది మా తాత ప్రేమరాజు. సొరంగాల్లో కొయ్య దూలాలు నిలబెట్టే పని ఆయనది. ఆయనకు చదువు రాదు. రాసే గుమాస్తా ఒకణ్ణి బతిమాలి తెచ్చి, జనాన్ని ఇళ్ల నుంచి లాక్కొచ్చి కూర్చోబెట్టేవారట. ఇది నాకు మా సెలీనా అవ్వ చెప్పింది. అవ్వకు ఎనభై మూడేళ్లు.

ఇప్పుడు ఆ గదిలో చర్చి కమిటీ గ్రంథాలయం పెడుతోంది. బోర్డు మీద బడి స్థాపించినవారి పేరు వేయాలని తీర్మానం చేశారు. గొడవలు రాకుండా, కంప్యూటర్‌లో ఏముంటే అదే వేద్దామని కార్యదర్శి రూబెన్ అంకుల్ తేల్చేశారు. కంప్యూటర్ అంటే ఎవరైనా దిద్దగలిగే ఆ ఆన్‌లైన్ విజ్ఞానకోశం. అందులో మా కాలనీ మీద వ్యాసం ఉంది. బడి స్థాపకుడు జ్ఞానముత్తు అని ఉంది. జ్ఞానముత్తు రూబెన్ అంకుల్ నాన్నగారు.

నేను రోజూ బెంగళూరులో ఒక పుస్తకాల గోడౌనుకు పనికి వెళ్తాను. రైలులో కూర్చునే చోటు దొరికిన రోజున ఫోన్లో ఆ వాక్యాన్ని దిద్దాను. బంగారుపేట దాటేలోపే పాత వాక్యం తిరిగి వచ్చేసింది. తిప్పి వేసినవాడి పేరు తూకంరాయి. అసలు పేరు కాదు, అక్కడ పెట్టుకున్న పేరు. "ఆధారం చూపండి" అని రాశాడు. మా అవ్వ చెప్పింది అని రాశాను. "అవ్వ అచ్చులో లేదు" అని జవాబు. తాత సమాధి రాయి మీద "బడి పెట్టిన ప్రేమరాజు" అని ఉంది కదా, దాని ఫోటో పెట్టాను. "సమాధి రాయిని కుటుంబం చెక్కించుకుంటుంది. స్వతంత్ర మూలం కాదు" అన్నాడు. జ్ఞానముత్తుకు మాత్రం ఆధారం ఉందట: మా చర్చి స్వర్ణోత్సవ సావనీరు, 2019, నలభై ఒకటో పేజీ.

సార్, ఆ తూకంరాయికి గుండె లేదు. జీవితంలో ఎవరితోనూ మాట్లాడని మనిషి అయి ఉంటాడు. అవ్వకు చదివి వినిపిస్తే, "ఎవురే వాడు? యాడుంటాడు? నన్ను తీస్కపో, నేనే చెప్తా" అంది. ఎక్కడికని తీసుకెళ్లను?

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. తెలుగు అక్షరాలు మీరు బడి అయ్యాక కూర్చోబెట్టి నేర్పినవే. చరిత్రలో ఏది ఆధారమో, ఏది కాదో మీకన్నా బాగా చెప్పగలిగేవారు నాకు తెలియదు. దారి చూపండి.

మీ
జాయ్స్

*

సుగటూరు
16 జూన్ 2025

చిరంజీవి జాయ్స్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు ఉద్యోగం చేస్తున్నావని తెలిసి సంతోషం. చేతిరాత పాడు కాలేదు. ఇంకా సంతోషం.

నీ బాధ అర్థమైంది. కానీ ఆ పరిశీలకుణ్ణి అలా తిట్టడం సబబు కాదు. పాపం, ఆయన పద్ధతి ప్రకారమే నడుచుకున్నాడు. ప్రతివాడూ వచ్చి మా తాత బావి తవ్వాడు, మా మామ కోట కట్టాడు అని రాస్తే విజ్ఞానకోశం పెళ్లి శుభలేఖ అవుతుంది. ఇలాంటివాటిని రోజంతా ఏరి పారేసేవాడికి జీతం ఉండదు, మెప్పూ ఉండదు. అతనికీ ఇల్లూ సంసారం ఉండవచ్చు. మనుషులతో చక్కగా మాట్లాడేవాడే అయి ఉండవచ్చు.

ఇక దారి. అచ్చయిన మూలాన్ని కన్నీళ్లతో కొట్టలేము. దాని వేరు పట్టుకుని లాగాలి. ఆ సావనీరు రాసింది ఎవరు? దేన్ని చూసి రాశారు? వెళ్లి మర్యాదగా అడుగు. వేరు గట్టిగా ఉంటే తాత సంగతి మరిచిపోవాలి. మెత్తగా ఉంటే నాకు రాయి.

ఇక్కడ వాన ఒక మోస్తరు. మీ కుముదమ్మగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు.

ఇట్లు
సుబ్బరాయ

*

చాంపియన్ రీఫ్స్
25 జూన్ 2025

సార్‌కు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే వేరు పట్టుకుని లాగాను. చెట్టు మొత్తం చేతికొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక రూబెన్ అంకుల్ ఇంటికి వెళ్లాను. సావనీరు కూర్చింది ఆయనే. కాఫీ ఇచ్చారు, నా ఉద్యోగం అడిగారు, గాయక బృందంలో ఎందుకు చేరలేదని నిలదీశారు. తర్వాత నలభై ఒకటో పేజీ తీసి, ఇది దేన్ని చూసి రాశారంకుల్ అని అడిగాను. ఆయనకు అందులో దాచవలసిందేమీ కనబడలేదు.

"ఇంగ దేన్ని చూస్తానమ్మా? కంప్యూటర్‌లో ఉండాది, దించినాను. మా నాయన గురించి నేను రాసుకుంటే జనం నగుతారు. ఎవురో పెద్దమనిషి రాసింటే మర్యాదగా ఉంటాది గదా."

మర్నాడు రైలులో ఆ వ్యాసం పాత ప్రతులన్నీ ఒక్కొక్కటే తిరగేశాను. అక్కడ ఎవరు ఏ రోజు ఏ మాట చేర్చారో అంతా నిలిచి ఉంటుంది. జ్ఞానముత్తు వాక్యాన్ని చేర్చింది 2017 ఆగస్టులో. ఏ ఆధారమూ చూపకుండా. చేర్చినవాడు ఎవరో చెప్పగలరా సార్? తూకంరాయి.

2019లో దాన్ని చూసి అంకుల్ సావనీరులో వేశారు. 2020లో అదే తూకంరాయి ఆ సావనీరును చూసి, "ఆధారం లభించింది" అని రాసి, తన వాక్యం కిందే తగిలించాడు. గని వ్యర్థాల సైనైడు దిబ్బ ఎదురుగా నిలబడి ఒకడు అరిచాడట. అరుపు తిరిగి వస్తే, చూశారా, అవతల కూడా ఒకాయన ఒప్పుకున్నాడు అన్నాడట.

కాంటోన్మెంటులో దిగేదాన్ని, కోపంలో దిగడం మరిచి మెజెస్టిక్ దాకా వెళ్లిపోయాను. గోడౌనులో నా మీద అరిచారు. ఆ మనిషికి ఒక్కసారి చరిత్ర పాఠం చెప్పాలి సార్. మీ దగ్గర చదువుకుని ఉంటే ఇలా తయారయ్యేవాడు కాదు.

ఇప్పుడు ఏం చేయాలి?

మీ
జాయ్స్

*

సుగటూరు
4 జులై 2025

చి. జాయ్స్‌కు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. టమాటా కోతలు మొదలయ్యాయి. మాకు టమాటా తోట లేదు, అయినా ఊరంతా హడావుడిగా ఉన్నప్పుడు మనసు ఉత్తరం మీద నిలవదు. మోకాలు కూడా ఒకటి పట్టేసింది. రాగుల సంగతి ఇంకా తేలలేదు.

నువ్వు కనిపెట్టినది ముఖ్యమైనది. పాత ప్రతులు తిరగేయడం మంచి అలవాటు. అయితే 2017లో ఆ మనిషి దేన్నీ చూడకుండా రాశాడని తొందరపడి అనకు. ఏదో చూసే ఉంటాడు. రూబెన్ ఇంట్లో పాత పెట్టె ఒకటి ఉండవచ్చు. అందులో బడి రిజిస్టరు ఉండవచ్చు. అడిగి చూడు.

రైలులో జాగ్రత్తగా దిగు.

ఇట్లు
సుబ్బరాయ

[కవరులోనే, క్యాలెండరు కాగితం వెనక రాసిన చీటీ]

అమ్మా జాయ్స్, నేను కుముదను. ఈయన స్టాంపు కోసం లోపలికి పోయినప్పుడు ఇది పెడుతున్నాను. నీ ఉత్తరాలు బిగ్గరగా చదివి వినిపిస్తారు. కిందటిది మాత్రం సగంలో ఆపి మడిచేశారు. ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. నువ్వేమైనా గట్టిగా రాశావా? చిన్నపిల్ల, పోనీలే అన్నా వినరు. రోజంతా ఆ కంప్యూటర్ ముందే. రిటైరైనప్పటి నుంచి అదే గతి. ఎవరెవరో రాసింది కొట్టేస్తూ కూర్చుంటారు. సాంబారులో ఉప్పు వేశానంటే ఆధారమేమి అని అడిగే మనిషి. ఆ తూకంరాయి అన్న పేరు పెట్టుకోవద్దండీ, పచారీ కొట్టులా ఉంటుంది అని నేను అప్పుడే చెప్పాను. వీలైతే ఒకసారి వచ్చి పో తల్లీ.

*

చాంపియన్ రీఫ్స్
11 జులై 2025

తూకంరాయి గారికి,

కుముదమ్మగారి చీటీ అందింది. అచ్చయినది కాదు. అయినా స్వతంత్ర మూలమని నమ్ముతున్నాను.

నా మొదటి ఉత్తరంలో మీకు గుండె లేదని, మనుషులతో మాట్లాడరని రాశాను. దానికి క్షమాపణ చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. రెండో ఉత్తరంలో మీకు మీ దగ్గరే చరిత్ర పాఠం చెప్పించాలన్నాను. అది వెనక్కి తీసుకోను.

2017లో మీరు ఏం చూసి రాశారు?

జాయ్స్

*

సుగటూరు
19 జులై 2025

జాయ్స్‌కు,

ఆశీస్సులు అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు.

మొదట నీ మార్పులు కొట్టేసినప్పుడు అది నువ్వని నాకు తెలియదు. అక్కడ నీ పేరు వేరే ఉంది కదా. నీ ఉత్తరం వచ్చాక తెలిసింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. పద్ధతి పద్ధతే, ఎవరైతేనేమి అనుకున్నాను. నిజానికి నువ్వు తిట్టిన తిట్లు చదివాక, అది నేనే అని చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇక 2017. జ్ఞానముత్తు చనిపోయిన నెలలో పరామర్శకు మీ లైనుకు వచ్చాను. రూబెన్ పెట్టె తెరిచి షిఫ్టు బడి రిజిస్టరు చూపించాడు. గొప్ప వస్తువు. కానీ అందులో ఒక్క పేరు లేదు. గని మనుషులకు ఇత్తడి బిళ్ళలు ఉండేవి, తెలుసు కదా. గనిలోకి షాఫ్టు దిగేముందు టైం ఆఫీసులో ఇచ్చి, పైకి వచ్చాక తీసుకునేవి. ఆ బిళ్ళల నంబర్లతోనే హాజరు వేశారు. మొదటి పేజీలో "నడిపించేవాడు: 2714" అని ఉంది. రూబెన్ వాళ్ల నాన్న రిటైరైనప్పటి కార్డు చూపించాడు. దాని మీదా 2714. రెండు కాగితాలు, ఒకే అంకె. ఇంతకన్నా ఏం కావాలనుకున్నాను. ఆ రోజే ఇంటికి వచ్చి రాసేశాను. పెట్టెలోని రిజిస్టరును ఆధారంగా చూపే వీలు లేదు కనక ఏమీ చూపలేదు. సావనీరులో చూసినప్పుడు చిన్నపిల్లవాడిలా సంతోషించాను. అది నా అరుపేనని నువ్వు రాసేవరకు నాకు తట్టలేదు.

ఇంకా ఒక సంగతి ఉంది. నీ ఉత్తరం చదివిన దగ్గర నుంచి అదే నన్ను తొలుస్తోంది. ఆ రోజు నేను అంకె చూశాను. తేదీలు చూశానో లేదో గుర్తు లేదు. ముప్పై రెండేళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి. పరీక్షలో తేదీ తప్పు రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి.

రిజిస్టరు మీద తేదీ చూడు. కార్డు మీద చేరిన తేదీ చూడు. నీ తాత బిళ్ళ నంబరు ఎంతో మీ అవ్వను అడుగు. ఏది బయటపడినా దాచకుండా రాయి, నాకు కష్టమైనా, నీకు కష్టమైనా.

సుబ్బరాయ

*

చాంపియన్ రీఫ్స్
4 ఆగస్టు 2025

సుబ్బరాయ సార్‌కు నమస్కారాలు.

కోపం తగ్గింది. పూర్తిగా కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తాత బిళ్ళ నంబరు అవ్వను అడిగితే, ఆలోచించకుండా రెండు వేల ఏడు నూర్ల పద్నాలుగు అంది. పెళ్లయిన కొత్తలో రేషనుకు వెళ్తే మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడి ఆ నంబరే చెప్పేదట. మరి అదే నంబరు జ్ఞానముత్తు తాతది ఎలా అయిందని అడిగాను. ఇంత చదివి ఇదీ తెలియదా అన్నట్టు చూసింది.

"మనిషి పోతే బిళ్ళ పోతాదా? కాలు తెగినంక మీ తాత దగ్గిర తీసేసుకొనిరి. ఇంగొగునికి ఇచ్చినారు."

అవ్వ బైబిలు అట్టలో తాత ఆస్పత్రి చీటీ ఉంది. ప్రేమరాజు, నంబరు 2714, 1970 నవంబరు. రూబెన్ అంకుల్ ఇంట్లో రిజిస్టరు తీసి చూశాను. మొదటి పేజీ 1966 ఫిబ్రవరి. జ్ఞానముత్తు తాత కార్డు మీద పనిలో చేరింది 1971 మార్చి. బడి పెట్టిన అయిదేళ్లకు ఆయన గనిలో అడుగుపెట్టారు సార్. మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అంకుల్‌కు చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. మళ్లీ తుడుచుకున్నారు. లేచి వెళ్లిపోతారేమో, నన్ను వెళ్లమంటారేమో అనుకున్నాను. ఆయన కార్డును దగ్గరికి లాక్కుని చెప్పారు.

"మా నాయన ఒగటే చెప్తా ఉండె. బిళ్ళ ఇచ్చినారు, బిళ్ళతో బాటు బడి కూడా నెత్తిన పెట్టినారు అని. పాత 2714 నడిపించె, నువ్వు గదా ఇప్పుడు 2714, నువ్వే నడిపించు అన్నారంట లైనోళ్లు. నేను తమాషాకి అంటా ఉండాడనుకొంటి."

తమాషా కాదు సార్. రిజిస్టరు 1979 వరకు ఉంది. మధ్యలో చేతిరాత మారింది, నంబరు మారలేదు. నంబరుతో పాటు బాధ్యత కూడా వస్తుందని లైను నమ్మింది, జ్ఞానముత్తు తాత కూడా నమ్మి ఎనిమిదేళ్లు మోశారు. అది చిన్న సంగతి కాదని అంకుల్‌తో అన్నాను. అనవలసి వచ్చి కాదు, నిజంగానే అన్నాను.

ఏది బయటపడినా దాచకుండా రాయమన్నారు కదా. నాకు కష్టమైనది కూడా ఒకటి బయటపడింది. 2714 నడిపించేవాడే కాదు, విద్యార్థుల జాబితాలో కూడా ఉన్నాడు. మొదటి నెలలో ఇరవై నాలుగు రోజులు బడి జరిగితే మా తాత వచ్చింది తొమ్మిది రోజులు. ఊరందరినీ చదువుకు లాక్కొచ్చి, తాను మాత్రం ఎగ్గొట్టిన మనిషి. అందుకే చివరిదాకా వేలిముద్రే. అవ్వతో చెబితే నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్లికి ముందు ఆ రోజుల్లో మధ్యాహ్నాలు తనను చూడడానికి మారికుప్పం దాకా నడిచి వచ్చేవారట. కారణం అచ్చులో వేయలేను కానీ హాజరు మాత్రం వేయవలసిందే. మా తాతకని మినహాయింపు అడగను.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ కాగితాలు చూసి నేను వ్యాసం దిద్దితే మనవరాలు దిద్దుకుందంటారు. మీరు దిద్దితే తప్పు చేసినవాడే తీర్పు చెప్పాడంటారు. ఎక్కడో ఒకచోట అచ్చు కావాలి, దాన్ని చూసి మనకు సంబంధం లేని పరిశీలకుడు దిద్దాలి. ఇది మీ పద్ధతే, నేను ఒప్పుకుంటున్నాను. చర్చి నెలపత్రిక ఆగస్టు సంచిక పదహారున అచ్చుకు వెళ్తుంది, పదిహేడు ఆదివారం అందరి చేతికీ వస్తుంది. మూడు కాగితాల ఫోటోలతో సవరణ వేయడానికి అంకుల్ ఒప్పుకున్నారు. తన తండ్రి పేరు మీద తానే సవరణ వేసుకోవడం ఎంత కష్టమో ఆయన ముఖంలో చూశాను. 2017లో రాసింది మీరేనని ఆయనకు చెప్పేశాను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"సార్ సంతకం పెట్టి రాయల్ల. మొదట రాసింది ఆయన. ఆయన తప్పంటే నేనూ తప్పంటా. లేదంటే మా నాయన్ని నేనొగడినే దించినట్టయితాది."

తూకంరాయి అని కాదు సార్, సుబ్బరాయ అని. మా లైనులో సగం ఇళ్లలో మీ విద్యార్థులున్నారు. అందరూ చదువుతారు. కొందరు నవ్వుతారు, బెంచీ ఎక్కినవాళ్లు ముందు నవ్వుతారు. మిమ్మల్ని ఇది అడగడం నాకు తేలిక కాదు. మీ మీద కోపంతో అడుగుతున్నానేమోనని రెండు రోజులు ఆగి, కాదని తేలాకే రాస్తున్నాను.

బోర్డు మీద ఏం వేయాలో అవ్వను అడిగాను. "నాకు చదివేది రాదు గదా. ఎవురైనా గట్టిగా చదివినప్పుడు నేనాడ ఉంటే చాలు" అంది. ప్రారంభం ఇరవై నాలుగు ఆదివారం. పాండు ఇరవైన రాయకపోతే రంగు ఆరదు. రెండు పేర్లకు సరిపోయేలా, ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది కూడా పట్టేలా రేకు కొంచెం పెద్దది కోయమని చెప్పాను. కోశాడు. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.

ఎంత రాస్తారో మీ ఇష్టం. నాలుగు వాక్యాలు చాలు. 2017లో ఏం చూశారు, ఏం చూడలేదు, ఇప్పుడు ఏం తెలిసింది. కింద పేరు, ఊరు, తేదీ. పదిహేనున పోస్టు ఉండదు కాబట్టి, పద్నాలుగు గురువారం లోపల నాకు అందేలా జవాబు పంపండి.

మీ
జాయ్స్